క్లాసు మధ్యలో తెగిపోయే వైఫై: లాప్‌టాప్ మార్చాలా?

ప్రశ్న: నేను ఇంటి నుంచి హైస్కూలు పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. సాయంత్రం రెండు బ్యాచ్‌లు. లాప్‌టాప్ కొని నాలుగేళ్లయింది, విండోస్ 11 ఉంది. మూడు నెలలుగా క్లాసు మధ్యలో వైఫై తెగిపోతోంది. ఒక్కోసారి వైఫై గుర్తు పోయి గ్లోబు బొమ్మ వస్తుంది. ఒక్కోసారి గీతలన్నీ నిండుగా ఉంటాయి కానీ ‘నో ఇంటర్నెట్’ అంటుంది. ఇంకోసారి ఏదీ తెగదు, నా గొంతు మాత్రం ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని పిల్లలు చెబుతారు. అదే గదిలో నా ఫోన్ బాగానే పనిచేస్తుంది. రూటర్ హాల్లో టీవీ వెనక అలమరలో ఉంది, నేను పాఠం చెప్పేది వెనక పడకగదిలో. హాల్లో కూర్చుంటే సమస్య దాదాపు ఉండదు. కానీ అక్కడ టీవీ, మామయ్యగారి కోసం వచ్చేపోయేవాళ్లు. క్లాసు కుదరదు. ఇంటర్నెట్ కంపెనీవాళ్లు వచ్చి చూసి లైన్ బాగుందన్నారు, ఇంకా ఎక్కువ స్పీడ్ ప్లాన్ తీసుకోమన్నారు. తీసుకున్నాం, తేడా లేదు. సర్వీస్ సెంటర్లో లాప్‌టాప్‌లో లోపమేమీ లేదన్నారు. మా మరిది ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కించాడు. రెండు రోజులు బాగుంది, మళ్లీ మామూలే. క్లాసులు రికార్డు చేసి పిల్లలకు పంపుతాను. లాప్‌టాప్‌లో చోటు లేక ఆ రికార్డింగులు బయటి హార్డ్ డిస్క్‌లోకి వెళ్తాయి. ఆ మధ్య మూత కీలు విరిగితే బాగుచేయించాను, దానికీ దీనికీ సంబంధం ఉండదనుకుంటా. ఇద్దరు పిల్లల్ని తల్లిదండ్రులు మాన్పించేశారు. వాయిదాల మీద కొత్తది కొనేద్దాం అంటారు మా వారు. అది కొన్నాక కూడా ఇలాగే ఉంటే? రోజూ క్లాసు టైమ్ దగ్గరపడుతుంటే టెన్షన్ మొదలవుతోంది. నాకే చేతకావడం లేదేమో అనిపిస్తోంది.
- ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ చివరి మాట గురించి. చేతకానివాళ్లు ఇలాంటి ఉత్తరం రాయలేరండి. ఎక్కడ కూర్చుంటే తెగుతోంది, ఎక్కడ తెగడం లేదు, తెగినప్పుడు తెర మీద ఏం కనిపిస్తోంది, పక్కనున్న ఫోన్ ఎలా పనిచేస్తోంది, ఇవన్నీ మీరు గమనించి రాశారు. మీ లాప్‌టాప్‌ను చూసినవాళ్లు అడగాల్సిన ప్రశ్నలన్నిటికీ ఈ ఉత్తరంలోనే జవాబులున్నాయి.

వాళ్లు మీకు అబద్ధం చెప్పారని నేను అనుకోవడం లేదు. ఇంటర్నెట్ కంపెనీ మనిషి రూటర్ పక్కన నిలబడి చూసి ఉంటాడు. అక్కడ లైన్ బాగానే ఉంటుంది. సర్వీస్ సెంటర్లో మీ లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, దానికేమీ తగిలించకుండా, దగ్గర్లోని రూటర్‌కు కలిపి చూసి ఉంటారు. అక్కడా బాగానే ఉంటుంది. మీ సమస్య పుడుతున్నది వెనక పడకగదిలో, హార్డ్ డిస్క్ తగిలించి క్లాసు నడుస్తున్నప్పుడు. ఆ చోట, ఆ స్థితిలో ఎవరూ చూడలేదు.

ఇంకో విషయం. మీరు ‘వైఫై తెగిపోతోంది’ అని ఒక్క పేరుతో చెప్పినవి నిజానికి మూడు వేర్వేరు లక్షణాలు. మీ గొంతు పిల్లల దాకా వెళ్లాలంటే ముందు లాప్‌టాప్ నుంచి రూటర్ వరకు గాలిలో వెళ్లాలి, ఆ తర్వాత రూటర్ నుంచి కంపెనీ తీగలోకి వెళ్లాలి. ఈ ప్రయాణంలో ఇవి రెండు అంకాలు. తెర మీది వైఫై గీతలు చూపేది మొదటి అంకాన్ని మాత్రమే. గీతలు నిండుగా ఉండి ‘నో ఇంటర్నెట్’ అంటే చాలావరకు రెండో అంకంలో ఇబ్బంది, లేదా రూటర్ మీ లాప్‌టాప్‌కు ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకెల చిరునామా) సరిగ్గా ఇవ్వలేదు. అలాంటప్పుడు అడ్రస్ 169.254 తో మొదలైతే, లాప్‌టాప్‌కు రూటర్ నుంచి అడ్రస్ అందక తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. గ్లోబు బొమ్మ వచ్చిందంటే చాలావరకు మొదటి అంకమే తెగింది. గొంతు ముక్కలవుతోందంటే ఏ అంకమూ పూర్తిగా తెగలేదు, పంపినవి దారిలో పోయి మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తోంది. స్పీడ్ ప్లాన్ పెంచితే తేడా రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. వీడియో క్లాసుకు కొద్దిపాటి ఎంబీపీఎస్ చాలు. ప్లాన్ పెంచితే రెండో అంకం వెడల్పవుతుంది, గాలిలోని అంకం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది.

అందుకే ఏదైనా మార్చేముందు ఏ అంకం తెగుతోందో పట్టుకోవాలి. దీనికి డబ్బు ఖర్చులేని పరీక్ష ఒకటుంది. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొడితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ‘డిఫాల్ట్ గేట్‌వే’ ఎదురుగా 192.168.1.1 లాంటి అంకె కనిపిస్తుంది. అదే మీ రూటర్. ఇప్పుడు పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి ఆ అంకె వేసి, మళ్లీ ఖాళీ వదిలి చివర హైఫన్, టి అక్షరం పెట్టి ఎంటర్ నొక్కితే లాప్‌టాప్ సెకనుకోసారి రూటర్‌ను పలకరిస్తూ ఉంటుంది. ఇంకో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అదే పని 8.8.8.8 కి చేయండి. అది గూగుల్ సర్వర్, మీ ఇంటికి బయట ఉన్నది. ఈ రెండు కిటికీలూ ఓ మూల పెట్టుకుని క్లాసు మామూలుగా చెప్పండి. తెగినప్పుడు వాటి వైపు ఒక్క చూపు చూడండి. రెండూ ఆగిపోతే ఇబ్బంది మీ లాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్య ఉంది. రూటర్ పలుకుతూ 8.8.8.8 ఒక్కటే ఆగితే అది కంపెనీవాళ్ల వైపు, ఆ తెరను ఫోటో తీసి వాళ్లకు పంపండి. రెండూ చక్కగా పలుకుతున్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర తేడా ఉంది. రూటర్ జవాబు మామూలుగా కొద్ది మిల్లీసెకన్లలో రావాలి. అది వందల్లోకి ఎగిరి దిగుతూ ఉంటే గొంతు ముక్కలయ్యేది అందుకే.

విండోస్ తనంతట తాను రాసుకునే వైఫై చిట్టా కూడా ఒకటుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ష్ (ఎన్, ఈ, టి, ఎస్, హెచ్), వ్లాన్ (డబ్ల్యూ, ఎల్, ఏ, ఎన్), షో, వ్లాన్‌రిపోర్ట్ అనే నాలుగు మాటలూ మధ్యలో ఖాళీలు వదిలి కొడితే గత మూడు రోజుల్లో వైఫై ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఏ కారణమని విండోస్ నమోదు చేసింది, అన్నీ ఒక పేజీగా తయారవుతాయి. ఇంట్లోగానీ సర్వీస్ సెంటర్లోగానీ ‘తెగుతోంది’, ‘తెగడం లేదు’ అనే వాదన వచ్చినప్పుడు ఈ పేజీ చూపిస్తే చాలు, మీరు ఎవరినీ నమ్మించాల్సిన పని ఉండదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన రెండు మాటలు. ఒకటి హార్డ్ డిస్క్, రెండోది మూత కీలు. రెండింటినీ మీరు మాటవరసకే రాశారు. నేను మొదట అనుమానించేది వాటినే.

వైఫై ప్రధానంగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్‌లలో, అంటే రేడియో తరంగాల పరిధుల్లో నడుస్తుంది. మీ బయటి హార్డ్ డిస్క్ యూఎస్‌బీ 3 రకందైతే, అది డేటా పంపేటప్పుడు తీగ నుంచీ ప్లగ్ నుంచీ 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రేడియో రొద పుడుతుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద ఒక సాంకేతిక పత్రం ప్రచురించింది. డిస్క్ ఊరికే తగిలించి ఉన్నప్పటికన్నా రాస్తున్నప్పుడు ఇబ్బంది ఎక్కువ. మీరు రికార్డింగ్ పెట్టేది క్లాసు సమయంలోనే కాబట్టి క్లాసులోనే తెగుతుంది, మిగతా వేళల్లో బాగుంటుంది. హాల్లో రూటర్ సిగ్నల్ ఆ రొదను మించిపోయేంత బలంగా ఉంటుంది కనుక అక్కడ తెలియదు. ఫోన్‌కు డిస్క్ తగిలించరు కాబట్టి ఫోన్ బాగుంటుంది. ఫార్మాట్ చేసిన తర్వాత ఆ రెండు రోజులూ మీరు రికార్డింగ్ పెట్టారా, డిస్క్ అసలు తగిలించారా? ఒకసారి గుర్తుచేసుకోండి. ఫార్మాట్ అయిన లాప్‌టాప్‌లో చోటు ఖాళీ అయి, ఆ రెండు రోజులు రికార్డింగులు లోపలే దాచి ఉంటే మీ మరిది చేసిన పని వల్ల బాగైనట్టు కనిపించి ఉండవచ్చు.

దీన్ని తేల్చడం సులువు. ఒక రోజు డిస్క్ తీసేసి, రికార్డింగ్ లాప్‌టాప్‌లోకే పెట్టి క్లాసు చెప్పండి. తెగడం ఆగితే దోషి దొరికినట్టే. అప్పుడు మీకు చాలా దారులున్నాయి. క్లాసు లోపల రికార్డు చేసుకుని అయ్యాక డిస్క్‌లోకి మార్చుకోవచ్చు, కాకపోతే రోజూ ఆ పని గుర్తుంచుకోవాలి. పొడవైన తీగతో డిస్క్‌ను దూరంగా పెట్టవచ్చు. యూఎస్‌బీ 2 పోర్టు ఉంటే అందులో పెట్టవచ్చు, కాపీ నెమ్మదిస్తుంది గానీ క్లాసు రికార్డింగ్‌కు ఆ వేగం ధారాళంగా సరిపోతుంది. లేదా లాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ మీదికి మార్చవచ్చు, ఆ రొద అక్కడ ఉండదు. మీరు బ్లూటూత్ ఇయర్‌ఫోన్ వాడుతుంటే అదీ 2.4 లోనే నడుస్తుంది. పరీక్ష చేసే రోజు తీగ ఉన్నది వాడండి.

కీలు సంగతి. చాలా లాప్‌టాప్‌లలో వైఫై యాంటెనాలు తెర చుట్టూ, మూత లోపల ఉంటాయి. కింద ఉన్న వైఫై కార్డు నుంచి సన్నటి తీగలు, సాధారణంగా రెండు, కీలు గుండా పైకి వెళ్తాయి. కీలు బాగుచేయాలంటే వాటిని కదపక తప్పదు. కార్డుకు తగిలించే కొస చాలా చిన్నది, సరిగ్గా నొక్కకపోతే సగం పట్టుకుని ఉంటుంది. లేదా తీగ కీలులో నలిగి ఉండొచ్చు. అలా అయితే వైఫై పూర్తిగా పోదు, బలహీనపడుతుంది. రూటర్ దగ్గర బాగుంటుంది, రెండు గోడలు దాటితే చచ్చుబడుతుంది. మీరు చెప్పిన లక్షణాలు దీనికీ సరిపోతాయి. సమస్య మొదలైంది మూడు నెలల క్రితం అన్నారు. కీలు బాగుచేయించిన బిల్లు మీద తేదీ చూడండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ఈ అనుమానానికి బలం వస్తుంది.

డిస్క్ తప్పా, యాంటెనా తప్పా అన్నది వేరుచేసి చూపే అంకె ఒకటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ష్ వ్లాన్ షో ఇంటర్‌ఫేసెస్ అని కొడితే సిగ్నల్ శాతం, బ్యాండ్, ఛానల్ (బ్యాండ్‌లోని చిన్న భాగం) చూపిస్తుంది. కొత్త విండోస్ 11 అయితే దీనికి లొకేషన్ అనుమతి అడుగుతుంది, ఇవ్వండి. ఆ శాతం వెనక లెక్క ఇలా ఉంటుంది: 100 అంటే మైనస్ 50 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం), 0 అంటే మైనస్ 100, మధ్యలో రెండు శాతానికి ఒక డెసిబెల్ చొప్పున. లెక్కల టీచర్‌కు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. కాల్స్ నిలకడగా సాగాలంటే మైనస్ 67 దగ్గర, అంటే 65 శాతం పైన ఉండటం మంచిది. మైనస్ 80, అంటే 40 శాతం కిందికి దిగితే తెగిపోతుంటాయి. రూటర్‌కు రెండు మీటర్ల దూరంలో, అలమర తలుపు తీసి చూడండి. అక్కడ 90కి దగ్గరగా ఉండాలి. అక్కడే 60, 50 చూపిస్తే యాంటెనాను గట్టిగా అనుమానించండి. మూత మెల్లగా వెనక్కీ ముందుకీ వంచుతూ మళ్లీ మళ్లీ చూడండి. వంచిన కోణాన్ని బట్టి అంకె బాగా ఎగిరి పడుతుంటే తీగ సంగతి దాదాపు తేలినట్టే. అలా కాక వెనక గదిలో కూడా శాతం బాగానే ఉండి, పింగ్ మాత్రం తప్పిపోతుంటే అది రొద. ఈ శాతం సిగ్నల్ బలాన్నే చెబుతుంది, చుట్టూ ఎంత గోల ఉందో చెప్పదు.

ఈ రెండూ కాకపోతే అప్పుడు సాఫ్ట్‌వేర్ వైపు రండి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిస్తే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని కంప్యూటర్ ఆపేయవచ్చు అనే అర్థం వచ్చే గడి పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఉంటుంది. దాని టిక్ తీసేయండి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ కనిపించదు, కంగారు పడకండి. వైఫై కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ను లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచి మీ మోడల్ పేరుతో వెతికి వేసుకోండి. నెట్‌వర్క్ రీసెట్ అనేదాన్ని చివరికి ఉంచండి. అది దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ తుడిచేస్తుంది, వీపీఎన్ ఉంటే మళ్లీ పెట్టుకోవాలి. మళ్లీ ఫార్మాట్ మాత్రం వద్దు, దానివల్ల తేలేది ఏమీ లేదని ఒకసారి చూశారు కదా.

టీవీ వెనక అలమర రూటర్‌కు మంచి చోటు కాదు. టీవీలోని లోహం, తలుపు, ఆపైన రెండు గోడలు, అన్నీ సిగ్నల్‌ను తింటాయి. అలమర పైకి, తలుపు బయటికి, టీవీకి పక్కగా తెస్తే చాలాసార్లు ఆశ్చర్యపోయేంత తేడా వస్తుంది. ఫైబర్ తీగ అయితే దాన్ని మీరు లాగకండి, వంపు ఎక్కువైతే పాడవుతుంది, కంపెనీ మనిషి చేతే మార్పించండి. హాల్లో వస్తువు జరపడం ఇంట్లో అందరికీ నచ్చకపోవచ్చు. మామయ్యగారితో ‘క్లాసు కోసం’ అని నేరుగా చెబితే ఒప్పుకోవడానికే అవకాశం ఎక్కువ. రూటర్ సెట్టింగుల్లో 2.4, 5 బ్యాండ్‌లకు వేర్వేరు పేర్లు పెడితే ఏది పట్టుకోవాలో మీ చేతిలో ఉంటుంది. అయితే పాత పేరు మారితే ఇంట్లో టీవీ నుంచి అందరి ఫోన్ల వరకు మళ్లీ కలపాల్సి వస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ, కాబట్టి రూటర్ జరిపాకే దాన్ని ప్రయత్నించండి. ఆ బ్యాండ్‌లో ఛానల్ 36 నుంచి 48 లోపు ఎంచుకోండి. 52 నుంచి 144 వరకు ఉన్నవాటిలో ఎక్కువ భాగం రాడార్లు కూడా వాడేవి, రాడార్ కనబడితే రూటర్ ఆ ఛానల్ వదిలి వెళ్లాలన్నది చాలా దేశాల్లో నిబంధన, అలా మారితే ఆ సమయంలో మీ క్లాసు తెగవచ్చు. 2.4 లో ఉండాల్సి వస్తే 1, 6, 11 ఛానల్‌లలో ఖాళీగా ఉన్నది పెట్టుకోండి, ఆ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు.

వీటిలో ఏది చేసినా ఒక రోజుకు ఒక్కటే మార్చండి. డిస్క్ తీసి, రూటర్ జరిపి, డ్రైవర్ మార్చి అన్నీ ఒకేసారి చేస్తే బాగుపడవచ్చు, కానీ దేనివల్ల బాగైందో తెలియదు. నెల తర్వాత మళ్లీ వస్తే మీరు మొదటికే వస్తారు.

ఇక కొత్త లాప్‌టాప్ మాట. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవద్దు అంటారు పెద్దలు. కారణం డిస్క్ అయితే అదే డిస్క్ కొత్తదానికీ తగిలిస్తారు, అదే గదిలో కూర్చుంటారు, అదే బ్యాండ్ మీద నడిస్తే అదే గొడవ. కారణం రూటర్ చోటు అయితే కొత్తది కొంచెం మెరుగవుతుందేమో, పూర్తిగా తీరదు. కారణం కీలు తీగ అయితే కొత్తది తీరుస్తుంది, కానీ చిన్న మరమ్మతు కూడా తీరుస్తుంది. కొనేముందు మీ మరిదిని ఒక సాయంత్రం ఆయన లాప్‌టాప్ అడగండి. అదే గది, అదే డిస్క్, అదే క్లాసు. అదీ తెగితే మీ లాప్‌టాప్ తప్పు లేదని మీ వారికి మీరు చెప్పనక్కర్లేదు, ఆయనే చూస్తారు. తెగకపోతే ఆయన మాటలో న్యాయముంది, అప్పుడు మరమ్మతా, కొత్తదా అని ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోవచ్చు. వద్దు అని చెప్పడం కన్నా ముందు ఇది చూద్దాం అంటే మాట పెరగదు.

మరమ్మతుకూ కొత్తదానికీ మధ్య ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి యూఎస్‌బీ వైఫై అడాప్టర్. లోపలి కార్డునూ, యాంటెనానూ, కీలునూ పక్కనపెట్టి తానే సిగ్నల్ అందుకుంటుంది. ఒక పోర్టు పోతుంది, వేలెడంత చిన్నవాటికి యాంటెనా కూడా చిన్నదే, డిస్క్ పక్క పోర్టులో పెడితే దానికీ రొద తగులుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో దూరంగా పెట్టాలి. రెండోది రూటర్ నుంచి గదికి ఈథర్‌నెట్ తీగ. లాప్‌టాప్‌కు ఆ పోర్టు లేకపోతే యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ వస్తుంది. నన్నడిగితే క్లాసులు జీవనాధారమైనవాళ్లకు ఇదే అన్నిటికన్నా నిలకడైన దారి, గాలిలోని అంకమే ఇక ఉండదు. గోడ వెంట తీగ లాగాలి, లాప్‌టాప్ ఒకచోటే ఉండాలి. ఆ రెండూ మీకు ఇబ్బంది కాకపోతే కారణం పూర్తిగా తేలకపోయినా పని సాగిపోతుంది. మధ్యలో పెట్టే వైఫై ఎక్స్‌టెండర్లను నేను చివర ఉంచుతాను. మామూలు రకాలు వచ్చిందాన్ని అదే ఛానల్‌లో మళ్లీ పంపుతాయి కనుక వేగం సగానికి పడిపోతుంది.

ఇవన్నీ తేలేలోపు పిల్లలు పోకుండా చూసుకోవాలి. క్లాసులోకి ఫోన్‌తో కూడా చేరండి, మైకూ స్పీకరూ ఆపి, ఫోన్‌ను వైఫై మీద కాక మొబైల్ డేటా మీద ఉంచండి. లాప్‌టాప్ తెగిన క్షణంలో ఫోన్ మైక్ తెరిచి పాఠం కొనసాగించవచ్చు. తల్లిదండ్రులకు, మానిపించిన ఆ ఇద్దరితో సహా, ఇబ్బంది ఏమిటో కనుక్కుంటున్నానని, తెగినా క్లాసు ఆగకుండా ఏర్పాటు చేశానని రెండు వాక్యాలు పంపండి. ఎక్కువ వివరణ అక్కర్లేదు.

యాంటెనా అని తేలితే కీలు బాగుచేసిన చోటికే ముందు వెళ్లండి, ఆ పనికి వారంటీ ఇచ్చి ఉంటే ఉచితంగా చేయాల్సి రావచ్చు. ‘వైఫై రావడం లేదు’ అని కాకుండా, ‘రెండు మీటర్ల దూరంలో సిగ్నల్ ఇంత చూపిస్తోంది, మూత వంచితే ఇంత మారుతోంది, యాంటెనా తీగలు రెండూ కార్డుకు గట్టిగా తగిలాయో, కీలు దగ్గర నలిగాయో చూడండి’ అని కాగితం మీద రాసి ఇవ్వండి. తీసుకునేటప్పుడు అక్కడే రూటర్‌కు కాస్త దూరంగా, మధ్యలో గోడ ఉండేలా నిలబడి శాతం చూసుకోండి. ఇచ్చేముందు మీ రికార్డింగులూ పాఠాల ఫైళ్లూ ఆ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి డిస్క్ ఇంట్లోనే ఉంచుకోండి.